మావయ్య రాసిన ఒక్క అక్షరం

మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసుకెళ్లే బస్సులో నిలబడి ఉన్నాను. "మీ మావయ్య ఎల్లిపోనారే. కంగారు పడకు, ఏదైనా తినీసి రా," అంది. గొంతులో ఏడుపు లేదు. ఎన్నాళ్లుగానో వాయిదా పడుతున్న పని ఇవాళ్టికి అయిందని చెప్పినట్టు చెప్పింది. నేను దిగి గాజువాక ఆటో ఎక్కాను.

మావయ్య మా అమ్మకి అన్న. స్టీల్ ప్లాంటు కంట్రోల్ రూములో పనిచేసి రిటైరయ్యాడు. మిషన్లను నడిపే ప్రోగ్రాములు నిన్నటిలాగే ఇవాళా నడుస్తున్నాయా లేదా అని చూడటం ఆయన ఉద్యోగం. మిషను ఒక్కసారి కొత్తగా ప్రవర్తించిందంటే ఎవడికో చెయ్యి తెగుతుందనేవాడు. నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఆయనే. నేర్పడమంటే తిట్టడమే.

రిటైరైన కొత్తలో ఒకరోజు చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. మెదడు చెప్పే మాట కండరాలకు అందకుండా పోయే జబ్బన్నారు. మందు లేదన్నారు. మొదట కుడి చెయ్యి, తర్వాత కాళ్లు, చివరికి నాలుక పోతాయని, బుద్ధి మాత్రం చెక్కుచెదరదని డాక్టరు ఓదార్పుగా చెప్పాడు.

"అదే కదా డాక్టరుగారూ శిక్ష," అన్నాడు మావయ్య.

మంచం పట్టాక ఆదివారం ఆదివారం వెళ్లేదాన్ని. అలాంటి ఒక ఆదివారమే పందెం పెట్టాడు. ఎన్నిసార్లు నడిపినా ఒకేలా ప్రవర్తించని ప్రోగ్రాం రాయాలి. ఎవరు తక్కువ అక్షరాల్లో రాస్తే వాళ్లది గెలుపు.

"ఎందుకు మావయ్యా ఇదంతా?"

"ఉజ్జోగమంతా మిషన్లు ఒకేలా నడవాలని సూసినాను. ఇప్పుడు నాను ఒకేలా పడున్నాను. ఈ ఇంట్లో ఒక్కటైనా రోజుకోలా ఉండాల కదే."

నేను పొందిగ్గా ఓ పది వరుసలు రాసి చూపించాను. చూసి మూతి విరిచాడు. "ఇది ప్రోగ్రామా, పెళ్లి శుభలేఖా? అందరి పేర్లూ ఏసీసినావు. తీసీ."

తీసేశాను. ఇంకా తీసెయ్యమన్నాడు. నాకది సరదా, ఆయనకి కాదు. అప్పటికి ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే మిగిలింది. ఒక అక్షరం నొక్కాలంటే భుజంతో చేతిని ఈడ్చుకురావాలి. తర్వాతి వారం నేను మిషన్లో ముందే ఉండే, టైమూ తేదీ చూపించే కమాండు, నాలుగే అక్షరాలది, కొట్టి చూపించాను. నడిపిన ప్రతిసారీ సెకన్లు మారుతున్నాయి.

"రాసినావా, అరువు తెచ్చినావా?" అన్నాడు. ఆ వారం మార్కులు లేవు.

ఆయన మంచివాడని రాయాలని ఉంది. కానీ ఆ మంచం మీద మంచితనానికి చోటు లేదు. ఒకరోజు అత్త జావ తాగిస్తుంటే, "నువ్వింత బాగా సూడకపోతే ఈపాటికి సచ్చీవోణ్ని," అన్నాడు. అది పొగడ్త కాదని మా ముగ్గురికీ తెలుసు. అత్త ఆయన గడ్డం తుడిచి, ఇంకో చెంచా నోటికందించింది.

మాట పోయాక చూడటానికి వచ్చేవాళ్లు ఆయనకి చెవులు కూడా పోయాయనుకునేవారు. దూరపు చుట్టం ఒకావిడ మంచం పక్కనే నిలబడి, "దేముడు తొరగా తీసికెల్లిపోతే ఆరికీ సుకం, నీకూ సుకం," అంది అత్తతో. మావయ్య కళ్లతో ల్యాప్‌టాప్ అడిగాడు. అక్షరం వెనక అక్షరం కొడుతుంటే, ఏదో ఆశీర్వాదం కాబోలని ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏటి రాసినారే?" అని నన్నడిగింది.

"ముందు మీరు," అని చదివాను.

ఆవిడ మళ్లీ రాలేదు. అత్త ఆయన మీద కేకలేసి వంటింట్లోకి వెళ్లింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం నేను వెళ్లేసరికి తెరమీద ఒకే ఒక్క అక్షరం ఉంది. ఇంగ్లీషు డబ్ల్యూ. నేను చూస్తుండగా చేతిని కీబోర్డు ఈ చివరనుంచి ఆ చివరకి ఈడ్చి ఎంటర్ నొక్కాడు. టైమెంతైంది, మిషను ఎంతసేపటినుంచి నడుస్తోంది, దాని ముందు ఎవరున్నారు, అన్నీ వచ్చాయి. కాసేపాగి మళ్లీ నడిపాడు. అంకెలు మారాయి. అదీ మిషన్లో ముందే ఉండే కమాండే.

"ఇది మాత్రం అరువు కాదా?" అన్నాను.

నవ్వాడు. జబ్బు ముదిరాక ఆయన నవ్వు ఏడుపులాగే వినిపించేది, మొదలైతే ఆగేది కాదు. అత్త పరుగెత్తుకొచ్చి రొమ్ము నిమిరింది. ఒక్క అక్షరం కంటే చిన్నది ఎవరూ రాయలేరు. గెలిచాడు.

వేసవి దాటకముందే ఆ వేలు కూడా పోయింది. డబ్ల్యూ నొక్కి చేతిని ఎంటర్ వైపు ఈడుస్తుంటే మధ్యలో ఆగిపోయింది. వేలు జీ అక్షరం మీద పడి అక్కడే ఉండిపోయింది. తెరంతా జీలు. వరుస నిండి, ఇంకో వరుస, ఇంకో వరుస. నేను చెయ్యి తీయబోతే గొంతులోంచి ఏదో అన్నాడు. నాకర్థం కాలేదు. ఆ మాటలు అత్తకొక్కదానికే తెలిసేవి.

"తియ్యొద్దంతన్నారు," అంది. ఆయన నోటి దగ్గర చెవి పెట్టి, "ఎంత పొడుగు రాసీసినానో సూడంతన్నారు."

ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత ల్యాప్‌టాప్ అడగలేదు.

ఇప్పటికీ ఆఫీసులో నేను రాసిన దాంట్లో అనవసరమైనది తీసేసిన ప్రతిచోటా ఆయన తిట్టు ఒకటి ఉంటుంది. అంతకంటే మర్యాదగా నేర్పినవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లు చెప్పింది గుర్తులేదు.

మావయ్య పోయిన రోజు మధ్యాహ్నం మగవాళ్లు ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్లాక ఇల్లు ఆడవాళ్లతో నిండి ఉంది. లారీలు పోతుంటే కిటికీ అద్దాలు అదురుతున్నాయి. అత్త గోడకి ఆనుకుని కూర్చున్నదల్లా పక్కకి ఒరిగి, ఉత్త నేల మీదే నిద్రపోయింది. మావయ్యని పక్కకి తిప్పడానికి రెండేసి గంటలకోసారి లేచిన మనిషి. నోరు తెరుచుకుని గురక పెడుతోంది. ఎవరో బుగ్గలు నొక్కుకున్నారు. ఇంకెవరో లేపబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పొద్దు వాలి, ఎండ గుమ్మం దాటి ఆమె పాదాల మీదికి, తర్వాత మొహం మీదికి వచ్చింది. అత్త కదల్లేదు.