మూడు ముక్కల నెమలి

జగిత్యాలలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఏం పాఠాలో మా బంధువుల్లో ఒక్కరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. అది వాళ్ళ తెలివితక్కువతనమని చాలాకాలం నమ్మాను కూడా. అంకెలు నింపిన గళ్ళ పట్టికను మ్యాట్రిక్స్ అంటారు. ఆ పట్టిక మొత్తాన్ని ఒకే వస్తువుగా చూసే కంప్యూటర్ భాష ఒకటుంది. మిగతా భాషల్లో ఒక్కో గడి దగ్గరికీ వెళ్ళి పేరుపేరునా పలకరించాలి. ఇందులో ఆ మర్యాదలేవీ లేవు. ఒక గుర్తు రాస్తే పట్టిక తలకిందులవుతుంది, ఇంకో గుర్తు రాస్తే కుడి ఎడమలు మారిపోతుంది. మరికాస్త తెలివి ఉంటే పట్టికను సమానమైన ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద మనకు కావలసిన పని చేయించి, మళ్ళీ అతికించవచ్చు. నాకు ఆ మరికాస్త తెలివి ఉంది. గొడవంతా దాంతోనే వచ్చింది.

మాది సిరిసిల్ల. మా నాన్న, మాకు బాపు, మగ్గం మీద బొమ్మలు తేల్చే జకార్డు పెట్టెకు డిజైన్లు వేసేవాడు. గళ్ళ కాగితం మీద పువ్వో పిట్టో గీసి, నిండిన గడికి ఒక చిల్లు చొప్పున అట్టకు కొట్టేవాడు. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంటే ఒకటీ, సున్నా. ఇంతకంటే మంచి మ్యాట్రిక్స్ ఉదాహరణ ఎక్కడా దొరకదు, కాని నేను క్లాసులో ఏ ఒక్క ఏడాదీ ఈ సంగతి చెప్పలేదు. పుస్తకంలో ఏదో దేశపు కోట ఫొటో ఉంటే దాన్నే ముక్కలు చేసి చూపించాను. కోట అయితే పిల్లలు కాస్త గౌరవంగా చూస్తారని నా లెక్క.

తర్వాత అంచు చీరల గిరాకీ తగ్గింది. అన్న తన నాలుగు సాంచాల మీద తెల్లగుడ్డ నేయడం మొదలుపెట్టాడు. సాంచా అంటే మా దగ్గర మరమగ్గం. తెల్లగుడ్డకు డిజైన్ ఉండదు కాబట్టి బాపుకు పని లేకుండా పోయింది. పొద్దున పేపరు చదివేవాడు, మధ్యాహ్నం మళ్ళీ అదే పేపరు చదివేవాడు. మధ్యలో షెడ్డులోకి వెళ్ళి పోగులు సరిగా లేవని అన్నకు చెప్పి తిట్లు తినేవాడు.

అలాంటి రోజుల్లో కోరుట్ల నుంచి ఒక చీరల దుకాణం సేటు కబురు పంపాడు. రెండంచులకూ నెమళ్ళు వచ్చేలా ఒక చీర నేసి చూపించమన్నాడు. నచ్చితే పెళ్ళిళ్ళ సీజనంతా అంచు చీరలు అన్న దగ్గరే నేయిస్తానన్నాడు. అన్న ఆగలేదు. అట్టల బదులు పెన్‌డ్రైవ్‌తో నడిచే జకార్డు పెట్టెను, ఎవరో వాడి వదిలేసినదాన్ని, తెచ్చి సాంచా మీద బిగించాడు. ఆ రోజు సాయంత్రం బాపు పెన్సిళ్ళన్నీ చెక్కి వరసగా పెట్టుకున్నాడని అన్న ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. డిజైన్లు మళ్ళీ మొదలైతే తన పని తనకు వస్తుందని ఆయన ఆశ. నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు, కానీ అన్ని పెన్సిళ్ళు ఎవరూ ఊరికే చెక్కుకోరు.

ఆ ఆదివారం నేను సిరిసిల్ల వెళ్ళేసరికి ఎడమ అంచు నెమలి తయారుగా ఉంది. నెమలి పెద్దది కాబట్టి మూడు గళ్ళ కాగితాలు పక్కపక్కన పెట్టి గీశాడు. మొదటి కాగితం మీద తోక, రెండోదాని మీద ఒళ్ళు, మూడోదాని మీద తల. కుడి అంచుకు ఇదే నెమలిని ఇటు తిప్పి గీయాలి. రెండంచుల నెమళ్ళూ చీర లోపలి వైపుకే చూడాలని, బయటికి చూస్తే కట్టుకున్న మనిషికి వీపు చూపినట్టని మా వాళ్ళ పట్టింపు.

"రెండో పక్కది గీయనీకి ఇంకో నాలుగు దినాలు పడ్తది" అన్నాడు బాపు.

"నాలుగు దినాలేంది బాపూ, ఒక్క లైన్ల అయిపోతది. నువ్వు ఊకో" అన్నాను.

"గట్లనా" అని పెన్సిల్ పక్కన పెట్టేశాడు.

కాగితాలు మూడింటినీ ఫోన్లో ఫొటోలు తీసి, ఒకట్లుగా సున్నాలుగా మార్చాను. కాగితాలు మూడు కాబట్టి ముక్కలు మూడు. క్లాసులో నేను రోజూ చెప్పేదీ అదే. పెద్ద పట్టికను చూసి భయపడకండి, ముక్కలు చేయండి, ఒక్కో ముక్కనూ సరిచేయండి, అతికించండి. సరిగ్గా ఆ పద్ధతిలో ఒక లైను రాశాను. పట్టికను మూడుగా కోయి, ప్రతి ముక్కనూ కుడి ఎడమలు చెయ్యి, మళ్ళీ అతికించు. చాలా అందమైన లైను. ఇంకొకరు రాసి ఉంటే ఈర్ష్యపడేదాన్ని. తర్వాత ముక్కల్ని ఒక్కొక్కటిగా తెర మీద తెప్పించుకుని చూశాను. తోక చక్కగా తిరిగింది. ఒళ్ళు చక్కగా తిరిగింది. తల కూడా తిరిగింది. పెన్‌డ్రైవ్ అన్న చేతిలో పెట్టి, బాపు ముందు మరీ గొప్పగా కనిపించకుండా జాగ్రత్తపడుతూ జగిత్యాల బస్సెక్కాను.

పది రోజులకు చీర తయారైంది. మా ఇంట్లో ఇంకో పట్టింపు ఉంది. సాంచా మీది నుంచి కోసిన మొదటి చీర మడత కొనేవాళ్ళే విప్పాలి, మనం విప్పితే బేరం కుదరదంటారు. అన్న ఎడమ అంచు పైకి కనిపించేలా మడత పెట్టాడు. బాపూ అతనూ కథలాపూర్ మీదుగా కోరుట్ల వచ్చారు. నేను జగిత్యాల నుంచి మేడిపల్లి మీదుగా ఒక గంట ముందే చేరుకుని, దుకాణం ముందు నిలబడి ఉన్నాను. నా నెమళ్ళను సేటు మెచ్చుకునే సమయానికి నేను లేకపోతే ఎలా.

సేటు మడత విప్పి చీరను బల్ల మీద పరిచాడు. ఎడమ అంచును వేళ్ళతో తడిమి తల ఊపాడు. కుడి అంచు దాకా వచ్చి ఆగాడు.

"ఏంది పెద్దాయినా, ఈ పక్క నెమళ్ళకు ఏమైంది? తమ ఒళ్ళు తామే పొడుసుకుంటున్నయి."

వంగి చూశాను. ప్రతి ముక్కా తిరిగింది, కాని తన చోటునుంచి కదల్లేదు. తోక ఉన్నచోటే తోక, తల ఉన్నచోటే తల. ముక్కు నెమలి వీపులోకి దిగబడి ఉంది, తల లేని ఒంటి మీది తెగిన మెడ చీర మధ్యకు చూస్తోంది. ముక్కల పట్టికను తిప్పేటప్పుడు ముక్కల్ని తిప్పితే చాలదు, వాటి వరసను కూడా తిప్పాలి. ఇది నాకు తెలియనిదేం కాదు. ప్రతి ఏడూ పరీక్షలో నేనే ఈ ప్రశ్న ఇస్తాను. వరస మార్చడం మరిచిపోయిన పిల్లలకు ఎర్ర సిరాతో సున్నా పెట్టి, పక్కన శ్రద్ధ అవసరం అని కూడా రాస్తాను.

సేటు మంచివాడు. నవ్వాడు గాని తిట్టలేదు. "వచ్చే వారం అంగడి రోజుకు ఇంకోటి నేసి తెండ్రి. గదీ గిట్లనే ఉంటే నేను వేరే దగ్గర సూసుకుంట" అన్నాడు. అన్న నా వైపు చూడకుండా చీర మడత పెట్టాడు.

బస్టాండ్ దగ్గర హోటల్లో టీ తాగుతుంటే ఒక అనుమానం వచ్చింది. చీరను బోర్లా నేస్తారు, అసలు ముఖం కిందికి ఉంటుంది. బాపు ఎప్పుడూ సాంచా కింద చిన్న అద్దం పట్టి చూస్తాడు, ఎవరు వద్దన్నా చూస్తాడు.

"బాపూ, నేసేటప్పుడు నువ్వు కింద అద్దం పెట్టి సూడలేదా?"

"సూసిన. బెత్తెడు నేసినంక సూసిన."

"మరెందుకు చెప్పలే?"

ఆయన టీ గ్లాసును బల్ల మీద పెట్టాడు. "కంప్యూటర్ల వచ్చినదాన్ని నేను తప్పని ఎట్లంట బిడ్డా? నువ్వు అంత సదివినవ్. నా కండ్లే పాతగయినయేమో అనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా పిట్టల్ని గీసిన మనిషి, మెడ తెగిన నెమలిని కళ్ళారా చూసి, అది నా చదువు అయి ఉంటుందని ఊరుకున్నాడు. ఆయన్ని అలా ఊరుకోబెట్టింది నేనే. అన్న ఇంకో మూడు టీలు చెప్పాడు, ఎవరూ తాగలేదు.

మర్నాటికి కాలేజీకి సెలవు పెట్టి వాళ్ళతోనే సిరిసిల్ల వెళ్ళాను. నువ్వైతే ఎట్ల తిప్పుతవో చూపియ్యి బాపూ అని అడిగాను. మూడు కాగితాలనూ వెనక నుంచి జిగురుతో అతికించాడు. అతికించిన కాగితాన్ని మొత్తం బోర్లించి కిటికీ అద్దానికి ఆనించాడు. వెలుతురులో నెమలి ఇటు తిరిగి, తల ముందుకు వచ్చి, నిండుగా కనిపించింది.

"ముక్కలు ముక్కలుగ ఎందుకు తిప్పుడు? అన్నీ ఒక్కటే నెమలాయె" అన్నాడు.

పట్టికను మొత్తంగా చూడటమే ఈ భాష గొప్పతనమని నేను ఏళ్ళ తరబడి ఊదరగొడుతున్నాను. మొత్తాన్ని తిప్పడానికి అందులో ఒకే ఒక గుర్తుంది. నా అందమైన లైను కొట్టేసి ఆ ఒక్క గుర్తు రాశాను. బెత్తెడు నేశాక అన్న సాంచా ఆపాడు. బాపు అద్దం పట్టి చూసి, నన్ను కూడా కిందికి వంగి చూడమన్నాడు. నెమళ్ళు రెండూ ఎదురెదురుగా, చీర లోపలికి చూస్తున్నాయి.

అంగడి రోజు సేటు చీరను అటూ ఇటూ తిప్పి చూసి, సీజన్ పని అన్నకే ఇచ్చేశాడు. "ఈ డిజైన్ ఎవలు వేసిన్రు?" అని అడిగాడు.

"మా బిడ్డ. కంప్యూటర్ల వేసింది" అన్నాడు బాపు.

"గట్లయితే ఇగ నీకేం పని పెద్దాయినా, ఇంట్ల కూసొని తిను" అన్నాడు సేటు. అందరూ నవ్వారు, బాపు కూడా నవ్వాడు. క్లాసులో యాభై నిమిషాలు ఆగకుండా మాట్లాడే నేను, నెమలి ఆయనదేనని ఒక్క మాట అనలేక, వాళ్ళతో కలిసి నవ్వాను.

ఇప్పుడు సేటు కొత్త బొమ్మలన్నీ నా ఫోన్‌కే పంపుతాడు. మొన్న హంసలు వచ్చాయి, అంతకు ముందు ఏనుగులు. వచ్చిన ప్రతిసారీ ముందు బాపుకు పంపి గీయించాలనే అనుకుంటాను. నాలుగు రోజులు పడుతుంది కదా అని నేనే చేసి పంపేస్తాను.