గుండెను ప్రింట్ తీయమంటె

ఆ దినం ఉప్పల్ బడి నుంచి టీచర్ ఫోన్ జేసింది. "నీ బిడ్డ క్లాసుల నేరేడు పండ్లు తింటుందమ్మా, పెదాలు జర సూసుకో" అన్నది. మల్లాపూర్ల మందు గోలీల ప్యాకింగ్ పని నాది. ఇంటికొచ్చి నేను గూడ తిట్టిన, సబ్బువెట్టి తోమిన. నీలం పోలే.

"నేను ఏం తినలేదే అమ్మా. మెట్లెక్కితె గిట్లనే అయితది" అన్నది శిరీష. దానికి అప్పుడు తొమ్మిదేండ్లు. దాని నాయిన లేడు. ఇప్పుడు నేను చెప్తుంటె ఇది రాసేది గూడ అదే.

చిన్నప్పటి సంది ఆయాసమంటె బలం టానిక్ రాసిచ్చిన్రు గని, గుండె ఎవ్వరు సూడలే. నాచారంల ఒక డాక్టర్ గొట్టం చెవులకు వెట్టుకొని గుండె విని, "ఎకో తీపియ్యి" అన్నడు. ఎకో అయినంక సీటీ. పెద్ద దవాఖానల "డబుల్ ఔట్‌లెట్" అన్నరు. రెండు పెద్ద రక్తనాళాలు ఒక్క దిక్కు నుంచే వస్తున్నయంట, నడుమ గోడకు హోల్ ఉన్నదంట.

"ఆ హోల్ నుంచి దారి కట్టనీకి వస్తె గుండె మంచిగైతది. రాకుంటె సగం గుండెతోనే నడిపియ్యాలె. అర్థమైందా?" అన్నడు అక్కడి డాక్టర్ సారు. దారి వస్తదా రాదా అంటె, లోపల సూస్తెగాని తెల్వదన్నడు. కోసినంక సూస్తరా? అడగలే. తలకాయ ఊపిన.

ఇంకో దవాఖానల సర్జన్ మేడం సీటీ రిపోర్టు సూసి, "సీడీ తీస్కరా, ప్రింట్ తీసినంక ఆపరేషన్ చెప్త. అర్థమైందా?" అన్నది. మల్ల ఊపిన.

సీడీ వట్టుకొని సక్కగ ఏఎస్ రావు నగర్ల జిరాక్స్ షాపుకు పోయిన.

"కలరా, బ్లాక్ అండ్ వైటా?" అన్నడు షాపాయన.

"గుండెది గదన్నా, కలరే తియ్యి."

నాలుగు కాయిదాలు తీసిండు. లామినేషన్ గూడ జేపిచ్చిన. మేడం వాటిని అటిటు తిప్పింది. "ఇది కాయిదమమ్మా. నేనన్నది గుండె" అని సీడీ తీసుకున్నది. గా ముక్క ముందుగాల చెప్తె ఒక పూట డ్యూటీ మిగులుతుండె గద.

కొన్ని దినాలకు పిలిచి నా చేతిల వెట్టింది. సీడీల ఉన్నది సూసి మిషన్ల ప్రింట్ తీసిన ప్లాస్టిక్ గుండె, అచ్చం నా బిడ్డది ఎంతుంటదో అంతే, రెండు ముక్కలుగ ఇప్పొచ్చు. మేడం పెన్ను మొన హోల్‌ల వెట్టి పైకి తోసింది. అది సక్కగ పెద్ద నాళంలకు పోయింది.

"దారి ఉన్నది. ఇగ కట్టొచ్చు" అన్నది.

ఈసారి తల ఊపలే. పెన్ను గుంజుకొని నేనే పెట్టి సూసిన. పోయింది.

మా ఆడబిడ్డ మాత్రం నాచారమంత చెప్పొచ్చింది, శిరీషకు ప్లాస్టిక్ గుండె వెడ్తున్నరని. ఆపరేషన్ అయినంక గుండె మెల్లగ కొట్టుకుంటుందని టెంపరరీ పేస్‌మేకర్ పెట్టిన్రు, ఛాతిల నీళ్లు వస్తె పైపేసిన్రు. నేను ఐసీయూ బయట గోడకు ఒరిగి కూసుంటె ఆమె వచ్చి, "వదినా, ప్లాస్టిక్కు వేడికి కరగదా?" అన్నది.

ఇప్పుడు శిరీష మూడో అంతస్తు ఆగకుంట ఎక్కుతది. పెదాలు నీలంగుంటె నిజంగనే నేరేడు పండ్లు తిన్నట్టు. గల్లీల వాళ్లు మాత్రం ఇంక అడుగుతనే ఉన్నరు, ఆ ప్లాస్టిక్ గుండె ఎన్నేండ్లొస్తదని.

మీకు ఒక్కటే చెప్త. డాక్టర్ "అర్థమైందా" అంటె తలకాయ ఊపకుర్రి. "కాలేదు, చూపియ్యుర్రి" అనుర్రి. ఇసుక్కుంటె ఇసుక్కోనియ్యుర్రి. మీ చేతిల వెట్టెదాంక కుర్చీల నుంచి లేవకుర్రి.