సావింటి పాటా, బరాత్ పాటా

ఆ రోజుల్లో అలసట తీరి నిద్ర లేచిన పొద్దు నాకు ఒక్కటీ గుర్తులేదు. సొంతూరు మధిర, ఆంధ్రా సరిహద్దున. ఉద్యోగం మాత్రం ములకలపల్లి మండలంలో, అడవి అంచున ఒక సబ్ సెంటర్లో. టీకాలు వేసే నర్సమ్మను, అదీ కాంట్రాక్టు మీద. కొత్తగూడెంలో ఒక గది కిరాయికి తీసుకుని రోజూ జీపులో పోయి జీపులోనే తిరిగొచ్చేదాన్ని. డ్రైవరు పట్టేవాళ్లకు రెట్టింపు మందిని కూరేవాడు. ఒళ్లో టీకాల డబ్బా, మోకాళ్లకు ఎదుటివాళ్ల మోకాళ్లు, భుజం మీద ఎవరిదో నిద్రపోతున్న తల. దిగాక మళ్లీ నడక. ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి, ఇసుకలో, బురదలో, ఎండలో. చెప్పులు అరిగిపోయేవి. వాటితోపాటు నేనూ అరిగిపోయాను.

ఆ ఉద్యోగాన్ని నేను వదిలేసి పోకుండా ఆపింది అక్క. తోడబుట్టిన అక్క కాదు, పక్క సబ్ సెంటర్ నర్సు. నాకంటే చాలా పెద్దది. పాల్వంచలో జీపెక్కి, ఉన్న కాస్త చోటులో నా పక్కన ఇరుక్కుని కూర్చునేది. పుట్టింది అడవి ఊళ్లోనే కాబట్టి గూడేల్లో వాళ్ల భాషలోనే మాట్లాడి పని జరిపించుకునేది. నేను నోరు జారి ఎవరినైనా ‘ఏమండీ’ అన్నానంటే చాలు, “వచ్చిందమ్మా కోస్తా ఆడబిడ్డ” అని జీపంతా వినేట్టు ఎక్కిరించేది. అక్క రాని రోజు ఆ దారి రెండింతలయ్యేది. ఇది నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, ఆమెకు తెలుసనే అనుకుంటాను.

పాటల సంగతికొస్తాను. బొటనవేలంత ఎంపీత్రీ ప్లేయర్ ఒకటి కొనుక్కున్నాను. కొత్తగూడెంలో మా సందు చివర ఇంటర్నెట్ సెంటర్ ఉండేది, అక్కడిచ్చి పాత తెలుగు మెలోడీలు నింపమన్నాను. ఆ మహానుభావుడు పొరపాటున తన సొంత ఫోల్డరు నింపి ఇచ్చాడు. మర్నాడు జీపులో చెవిలో పెట్టుకున్నాను కదా, ఒక్క తెలుగు ముక్క లేదు. సాయంత్రం పోయి కడిగేద్దామనుకున్నాను. సాయంత్రానికి ఆ మాటే మరిచిపోయాను.

ఎలా చెప్పాలో తెలియదు గానీ, ఆ పాటలంటే నాకు పిచ్చి పట్టింది. వాటిలో కొన్ని కంప్యూటర్ మీద చేసినవట. ఒకటే దెబ్బ, ఆగకుండా, తొందరపడకుండా పోతూనే ఉంటుంది. దాని అడుగున కడుపులో తగిలే మోత. ఎక్కడో ఒక గొంతు ముక్కను కోసి దాన్నే తిప్పి తిప్పి వేస్తారు. ఒళ్లు హూనమైపోయి కూర్చున్నప్పుడు అదెంత హాయిగా ఉంటుందో విన్నవాళ్లకే తెలియాలి. ఎవరూ నన్ను ఏమీ అడగరు, నేను నవ్వక్కర్లేదు, ఏడవక్కర్లేదు, ఆ దెబ్బే నన్ను మోసుకుపోతుంది.

మిగతావి ఇంకో రకం. ఇప్పటివాళ్లే పాడినవి, కానీ పాతకాలం పాటల్లా వినిపించాలని పనిగట్టుకుని చేసినవి. బూరలు, డ్రమ్ము, గరగరమనే గిటారు, మధ్యలో గుండెలు బాదుకున్నట్టు పాడే ఒక ఆడమనిషి. వీటిని ‘సోల్’ అంటారని ఇంటర్నెట్ సెంటర్ ఆయన చెప్పాడు. సోల్ అంటే నాకు తెలిసింది చెప్పుల అడుగు. నడిచి నడిచి అరిగితే కొత్తది వేయించుకునేది. ఆ పాటలకు ఆ పేరు సరిగ్గా సరిపోయిందని చాలాకాలం నమ్మాను. తర్వాత అసలు అర్థం ఆత్మ అని తెలిసినా నా అర్థమే బాగుందనిపించింది.

అక్కకు కూడా ఆ జబ్బు అంటించాను. వైరు ఒకటి, చెవులు రెండు. అక్క ఎప్పుడూ నాకు కుడిపక్కన కూర్చుంటుంది కాబట్టి ఎడమ చెవిది ఆమెకు, కుడి చెవిది నాకు. మొదటిరోజు మొహం చిట్లించి, “ఏందే ఇది, పిండి గిర్ని లెక్క?” అంది. వారం తిరక్కుండా ఎక్కీ ఎక్కగానే చెయ్యి చాపడం మొదలుపెట్టింది. ఒక కంప్యూటర్ పాటలో ఏదో ఇంగ్లీషు ముక్క మాకు ‘అందరూ, అందరూ’ అని వినిపించేది. అది రాగానే అక్క పూర్తి చేసేది. “అందరూ తిన్నరా? అందరూ సూదులు ఏయించుకున్నరా? అందరూ రండ్రి, పోలియో చుక్కలు!” నేను నవ్వలేక టీకాల డబ్బా పట్టుకుని వంగిపోయేదాన్ని. ఎదుటివాళ్లు మాకు గాలి సోకిందనుకునేవాళ్లు.

ఒక్క పాట దగ్గర మాత్రం మాకు కుదిరేది కాదు. సోల్ పాట, నాకు ప్రాణం. అది పెళ్లి ఊరేగింపు పాట అని నేను, కాదు సావింటి పాట అని అక్క.

“గంత ఏడుస్తున్నరు, నీకు ఇనబడతలేదా? ఆమె ఏడుస్తుంటే ఎనక ఆడోళ్లు అందుకుంటున్నరు. పీనుగు ముందర కూసొని ఏడ్సినట్టే.”

“వెనక ఆడవాళ్లెక్కడున్నారక్కా? బూరలున్నాయి, డ్రమ్ము ఉంది. అచ్చం బరాత్.”

“బూరలా? నీ మొకం. బూరలెక్కడియి దీంట్ల?”

ఇద్దరం మొండిఘటాలమే. పాల్వంచలో మొదలైన తగువు దిగేదాకా నడిచేది. ఒకసారి పక్కన కూర్చున్న కూలీ ఆమెతో తీర్పు చెప్పిద్దామని చూశాం గానీ, ఆమె రెండు చేతులూ జోడించి వద్దంది.

ఒక ఆదివారం గదిలో బట్టలు ఉతుక్కుని, కదిలే ఓపిక లేక పడుకుని, రెండు చెవుల్లోనూ పెట్టుకుని ఆ పాట విన్నాను. లేచి కూర్చున్నాను. ఎడమ పక్క నిజంగానే ఆడవాళ్లున్నారు! ముగ్గురో నలుగురో, ఆమె ఒక్కో మాటకు జవాబు చెప్తున్నారు. బూరలు, డ్రమ్ము కుడిపక్కనే ఉన్నాయి. పాత పాటలా వినిపించాలని అలా చెరో పక్కకు పంచారన్న మాట. ఇన్నాళ్లూ మేం ఒకే పాటను చెరిసగం విన్నాం. ఎవరి సగం వాళ్లు పట్టుకుని పోట్లాడుకున్నాం. తెల్లారితే చాలు, అక్కకు చెప్పాలి అని నాకు ఎంత తహతహగా ఉందో. సోమవారం కోసం నేను ఎదురుచూడటం ఆ ఉద్యోగంలో అదే మొదలు.

పాల్వంచలో అక్క ఎక్కగానే, “ఇవాళ రెండూ నువ్వే పెట్టుకో” అన్నాను. వద్దంది. ఒక్కటి చాలంది. నేనా వదిలేది? “పెట్టుకో అక్కా, నీకే తెలుస్తుంది” అని నా చేత్తోనే రెండు చెవుల్లో పెట్టి ప్లేయర్ నొక్కాను. ఆ పాట మొదట్లో కాసేపు కుడిపక్క డ్రమ్ము ఒక్కటే ఉంటుంది, తర్వాతే గొంతు. బయటికి టిస్సు టిస్సుమని సన్నగా నాకే వినిపిస్తోంది. అక్క నా మొహంలోకే చూస్తూ, “ఏందే, ఇంకా సురువు గాలే?” అంది.

“మొదలైంది కదక్కా!” అని నవ్వాను.

అక్క చెయ్యి కుడి చెవి మీదికి పోయింది. ఇయర్ ఫోన్ లోపలికి నొక్కింది, ఇంకా నొక్కింది. నా మొహం చూసింది. నాకు అర్థమైందని ఆమెకూ అర్థమైంది. రెండూ తీసి నా ఒళ్లో పెట్టి కిటికీ వైపు తిరిగింది. అటు చూస్తూనే, “సిన్నప్పుడు చీము కారింది. ఆ చెవు ఎప్పుడో పోయింది. ఆఫీసుల నోరు జారకు. చెవిటి నర్సు అని తెలిస్తే మళ్లీ కాంట్రాక్టు రాయరు” అంది.

ఆమె పనిలో లోటు నేను ఎన్నడూ చూడలేదు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే గొట్టం ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకునేది, అదీ అప్పుడే గుర్తొచ్చింది. కానీ మర్నాటి నుంచి అక్క నా పక్కన కూర్చోవడం మానేసింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చునేది. అడిగితే వెనక కూసుంటే నెత్తి నొస్తుందనేది. నేను వెనక ఒక్కదాన్నీ రెండు చెవుల్లోనూ పాటలు నింపుకుని కూర్చునేదాన్ని. పాటలు అవే. ఏం లాభం? ఆ వానాకాలమంతా నాకు ఒంట్లో బాగోనట్టే ఉంది. రాజీనామా కాగితం రాద్దామని కూడా అనుకున్నాను.

ఒకరోజు ఇంటర్నెట్ సెంటర్‌కు పోయాను. రెండు పక్కలవీ కలిపేసి, ఏ పక్క విన్నా పాటంతా వినిపించేట్టు చేయగలరా అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“అయితది మేడమ్, మోనో అంటరు. కానీ పాట కరాబైతది. గింత మంచిగ పంచి పెట్టినదాన్ని ఎవరన్న ముద్ద చేసుకుంటరా?”

“ముద్దే చేయండి.”

గొణుక్కుంటూ కూర్చున్నాడు. ఒక్కో పాట కలుపుతూ బాధపడ్డాడు పాపం. కాసేపటికి చల్లబడి, “అసలు ఇంకా పాత కాలంల గిట్లనే ఉండె లెండి, ఒక్కటే బాక్సు” అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. నాకా సంగీత చరిత్ర వినే ఓపిక లేదు. ప్లేయర్ తీసుకుని వచ్చేశాను.

ములకలపల్లి దవాఖానాలో ఆ నెల మీటింగు. నర్సులందరం వచ్చాం. పొద్దుటి నుంచి తిట్లు తిని, మధ్యాహ్నం అన్నాలకు వదిలారు. అక్క వరండా చివర ఒక్కతే డబ్బా విప్పుకుని కూర్చుంది. నేను పోయి పక్కన కూర్చుని ఎడమ చెవి ఇయర్ ఫోన్ ఆమె ముందు పెట్టాను.

“నాకొద్దు పిల్లా.”

“ఒక్క చెవి చాలక్కా. పాటంతా ఒక్క చెవిలోనే ఉంది.”

అక్క తినడం ఆపింది. నా వైపు చూసింది. నేనేం చేసుకొచ్చానో ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టి, ఎడమ చేత్తో తీసి చెవిలో పెట్టుకుంది. ప్లేయర్ నొక్కాను. ఈసారి సురువు కాలేదా అని అడగలేదు. కళ్లు పెద్దవి చేసి, “డోలు!” అంది. తర్వాత బూరలొచ్చాయి. తర్వాత ఆమె, ఆ వెనక ఆడవాళ్లు. అక్క తల వంచుకుని కదలకుండా వింది. చేతి మీద అన్నం ఎండిపోయింది.

“ఓసి, వీళ్లు ఏడ్సుకుంటనే ఎగురుతున్నరు గదనే” అంది చివరికి. “మా ఊళ్ల గట్లనే. పెద్దోళ్లు పోతే డోలు కొడ్తరు, ఏడుస్తరు, ఎగురుతరు. అన్నీ ఒక్కతాన్నే.”

బరాత్ అని నేను మళ్లీ అనలేదు. అక్కకు కళ్లు తడిశాయి, నాకూ తడిశాయి. మీటింగు మళ్లీ మొదలైందని లోపలి నుంచి ఎవరో కేకేస్తే లేచి చేతులు కడుక్కున్నాం.

సాయంత్రం నేను జీపు దగ్గరికి వచ్చేసరికి అక్క వెనక సీట్లో కూర్చుని ఉంది. ముందు సీట్లో మా కాంట్రాక్టులు రాయించే సూపర్వైజర్ సారు, మధ్యలో మిగతా నర్సులు. అక్కకు కుడిపక్క కాస్త ఖాళీ ఉంటే కాళ్లు పీక్కుపోతున్నాయని అక్కడే కూలబడ్డాను. ప్లేయర్ తీసి వైరు విప్పుతున్నాను. అక్క గట్టిగా, ఎప్పుడూ నన్ను ఎక్కిరించే ఆ గొంతుతోనే అంది.

“అటు కూసుంటే ఎట్లనే? నాకు ఆ చెవు ఇనబడదు. దాసి దాసి పానం యాష్టకొచ్చింది. ఇటు రా.”

సూపర్వైజర్ సారు వెనక్కి తిరిగి చూశాడు. అక్క కూడా ఆయన్నే చూసింది, తల దించలేదు. నేను లేచి, అందరి మోకాళ్లూ దాటుకుంటూ ఎడమపక్కకు వచ్చి కూర్చున్నాను.