మొదటి గీత దేవుడిది

ఆ లాడ్జి ఓనరు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోవాలని కూడ లేదు. ఆయన్ని క్షమించి ఇది రాస్తలేను. వెబ్‌సైటు పెట్టుకునే వాళ్ళు ఆయన చేసిన తప్పు చెయ్యొద్దని రాస్తున్న. ఆ తప్పు నేను కూడ చేసిన, అది ముంగట చెప్త.

ఊరికో ఇంటర్నెట్ సెంటరు వెలిసి, జనం గంట లెక్కన వచ్చి కూసునే కాలం అది. మా నాయిన పాల్వంచ కరెంటు ప్లాంటుల షిఫ్టు డ్యూటీ చేసేటోడు. నేను ఖమ్మంల కంప్యూటర్ కోర్సు చేసి, భద్రాచలంల కరకట్టకు పోయే దారిల ఒక లాడ్జి కింది గది కిరాయికి తీసుకొని రెండు కంప్యూటర్లు పెట్టిన. ముందట దుకాణం, పరదా వెనక మంచం, స్టవ్వు. ఒక్క ఆడపిల్లకు గది ఇచ్చేటోళ్ళు అప్పుడు ఆ ఊర్ల దొరకలే. దుకాణం అదే, ఇల్లు అదే. ఆ గది పోతే నేను మళ్ళ పాల్వంచ క్వార్టర్‌కు పోయి నాయిన మీద పడి తినాలె. అందుకే ఆ గది కోసం ఆ మనిషి మాటలన్ని పడ్డ.

ఓనరు కోస్తా నుంచి వచ్చి కారేపల్లి దిక్కు భూములు కొన్న ఆసామి. మిర్చి కలిసొచ్చి లాడ్జి కట్టిండు. తెల్ల చొక్కా, చేతిల తాళాల గుత్తి, నోట్లె ఎప్పుడూ ఎవలనో ఒకలను తిట్టుడు. ఒకరోజు మెట్లు దిగి వచ్చి నా ముందట కుర్చీల కూసున్నడు.

“అమ్మాయ్, మా లాడ్జికి వెబ్‌సైట్ చేసిపెట్టు. శ్రీరామనవమి లోపల ఇంటర్నెట్ చూసి ఒక్క మనిషైనా రావాలి. రాకపోతే గది ఖాళీ చెయ్. మా అల్లుడు సెల్‌ఫోన్ల షాపు పెడతానంటున్నాడు.”

నవమికి అప్పటికి నాలుగైదు నెలలున్నయి. సరే అన్న. అనక ఏం జేస్త?

మొదటి వారం అంత కొట్లాటనే. ఆయనకు లాడ్జి ముందటి పెద్ద ఫ్లెక్సీ అంటే పానం. దాన్ని ఫొటో తీసి పేజీ నిండ పరవమన్నడు. లాడ్జి పేరు, గదులు, వేడి నీళ్ళు, ఫోను నంబరు, అన్ని ఆ బొమ్మలనే. సార్, సెర్చి ఇంజనుకు కండ్లు లేవు, బొమ్మల రాసింది అది చదవదు, అక్షరాలు అక్షరాలుగనే టైపు చెయ్యాలె అని చెప్పిన. బొమ్మ పెట్టినా దాని వెనక ‘రెండు మంచాల గది, కిటికీల నుంచి గోదారి’ అని నాలుగు మాటలు రాయాలె అన్న. “గుడ్డి దాని కోసం నేను ఖర్చు పెట్టేదేంటి?” అన్నడు. ఆఖరికి ఒప్పుకున్నడు.

అల్లుడొచ్చి ఇంకో తెలివి చెప్పిండు. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో ‘భద్రాచలం లాడ్జి’ అని వంద సార్లు కొడితే మనుషులకు కనపడదట, ఇంజనుకు కనపడతదట. ఇంజను ఏమన్న పిచ్చిదా? పట్టుకుంటే మొత్తం సైటునే మూలకు ఏస్తది. ఆ మాట అంటే అల్లుడు నెల రోజులు నాతోని మాట్లాడలే. పీడ పోయింది.

దాని బదులు ఒక పని చేసిన. లాడ్జి కౌంటర్ల ఫోను ఎత్తే ముసలాయన పక్కన రెండు రోజులు కూసుని, ఫోన్ల జనం ఏమేం అడుగుతున్నరో రాసుకున్న. బస్టాండు నుంచి ఎంత దూరం? గుడికి నడిచి పోవచ్చా? పొద్దున నాలుగింటికి వేడి నీళ్ళు ఉంటయా? పాపికొండల లాంచీకి ఎట్ల పోవాలె? వాళ్ళు ఎట్ల అడిగిండ్రో గట్లనే ఆ మాటలు పేజీల పెట్టి, కింద జవాబు రాసిన. ఇప్పటికీ ఎవరన్న అడిగితే నేను చెప్పేది ఇదే. నీ గొప్ప రాసుకోకు, వాళ్ళ ప్రశ్న రాయి. గదులకు ఒక పేజీ, దారికి ఒక పేజీ, భోజనానికి ఒక పేజీ, మొత్తం ఆరు పేజీలు అయినయి.

అన్ని కుదిరినయి, ఒక్క గీత దగ్గర ఆగింది.

పేజీకి పేరు గీత అని ఒకటి ఉంటది. కంప్యూటర్ల కిటికీ పైన పట్టీ మీద కనపడేది అదే. వెతికినప్పుడు నీలం రంగుల ముందుగాల కనపడేది, జనం నొక్కేది కూడ అదే. మొత్తం పేజీల ఇంజను అన్నిటికంటె ఎక్కువ లెక్క చేసేది ఆ గీతనే. ప్రతి పేజీకి వేరే వేరే ఉండాలె, ఆ పేజీల ఏమున్నదో సూటిగ చెప్పాలె. నేను ‘భద్రాచలంల లాడ్జి గదులు, కరకట్ట దగ్గర’ అని రాసి చూపెట్టిన.

“తీసెయ్,” అన్నడు. “శ్రీరామ అని రాయి.”

“ఏ పేజీకి సార్?”

“ఆరింటికీ. మొదటి గీత దేవుడిది. శుభలేఖ మీద చూడు, ఉత్తరం మీద చూడు, కొత్త లారీ అద్దం మీద చూడు. ముందు ఆయన, తర్వాతే మనం.”

రాముడి పేరు మీద వేల పేజీలు ఉంటయి సార్, మీ లాడ్జి అండ్ల ఏ మూల ఉంటదో ఎవలకు దొరుకుతది, గది కావాలన్నోడు రాముడని వెతకడు కద అని నెత్తి నోరు కొట్టుకున్న. చెవిటోని ముందు శంఖం ఊదినట్టే. కోపం ఆగక, “గిదేం మూర్ఖత్వం సార్, దేవుని పేరు చెప్పి తలుపు మీద బోర్డు పీకేస్తరా?” అని అనేసిన. పైన కౌంటర్ల ముసలాయన మెట్ల మీదికి వచ్చి తొంగి చూసిండు.

ఓనరు అరవలే. నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డడు. “ఇన్ని నీతులు చెప్తున్నావుగా. నీ దుకాణానికీ ఏదో పేజీ ఉందిగా, భద్రాచలం కంప్యూటర్ సెంటర్ అని వెతుకు, చూద్దాం.”

వెతికిన. మొదటి పేజీల లేదు. రెండో దాంట్ల లేదు. ఐదో దాంట్ల కూడ లేదు. చెవులు కాలిపోతున్నయి. నా పేజీ వెనక రాత తెరిచి చూసిన. పేరు గీతల ఉన్నది ‘ప్రభువుకే మహిమ’.

గురివింద గింజ తన నలుపు ఎరగదని ఊరికె అన్నరా! ఆ గీత టైపు చేసింది మా నాయిన. సెంటరు తెరిచిన రోజు పాస్టరుగారు ప్రార్థన చేసినంక, నాయిన డ్యూటీ బట్టలతోనే కూసుని, ఒక్క వేలితోని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంట కొట్టిండు. మొదటి మాట దేవునిది ఉండాలె బిడ్డా అన్నడు. నేను మురిసిపోయి దాన్నే పేరు గీతల పెట్టి మరిచిపోయిన.

ఓనరు అది చదివి నవ్విండు. ఎంత నవ్విండో! “నీ దేవుడు పైన ఉండొచ్చు, నా దేవుడు కిందకి దిగాలా?” అని తాళాల గుత్తి ఊపుకుంట మెట్లెక్కిండు.

ఆ ఆదివారం పాల్వంచ పోయి నాయినకు మొత్తం చెప్పి ఏడ్చిన. ఆయన చాయ తాగుకుంట విని, “ఆ గీత నువ్వు దుకాణం బోర్డు మీద పెట్టినవా? నేను లోపల గోడ మీద పెడతవనుకున్న,” అన్నడు. “దేవుడు ఇంట్ల ఉండాలె బిడ్డా. గుమ్మం మీద దుకాణం పేరే రాసుకోవాలె. లేకపోతే వచ్చేటోడు ఎట్ల వస్తడు?”

తెల్లారి పేరు గీత మార్చిన. ‘భద్రాచలం కంప్యూటర్ సెంటర్, కరకట్ట దారి’ అని రాసి, దాని వెనక ఆ లాడ్జి పేరు పెట్టి ‘లాడ్జి కింద’ అని చేర్చిన. అడ్రసు అదే కద మరి. బస్టాండు నుంచి లాడ్జి దాక నడిచే దారి పేజీల రాసిన. నాయిన గీతను పేజీ లోపల, కిందికి జరిపి పెట్టిన. అదే మాట ఓనరుకు చెప్పిన, సార్, దేవుణ్ణి లోపల పెడదాం, పెద్ద అక్షరాలతోని పెడదాం, బోర్డు మాత్రం లాడ్జిది ఉండనీయండి అని. “నీ పని నువ్వు చూసుకో,” అన్నడు.

పేజీ మార్చంగనే ఫలితం రాదు. ఇంజను మన ఇంటి చుట్టం కాదు, దానికి తీరినప్పుడు వచ్చి చూసిపోతది. వారాలు పట్టింది. తర్వాత నా పేజీ పైకి రాసాగింది. కంప్యూటర్ సెంటర్ అని వెతికితేనే కాదు, భద్రాచలం లాడ్జి అని వెతికినా! ఆరు పేజీలకు శ్రీరామ అనే పేరున్న ఓనరు సైటు మాత్రం ఎక్కడా కనపడలే.

నవమికి నాలుగు రోజుల ముందు, బ్యాగులు మోసుకుంట విజయవాడ నుంచి మొగుడు పెళ్ళాం నా దుకాణం ముందట దిగిండ్రు. చేతిల ప్రింటు తీసిన కాగితం. “ఇదేనాండీ, కింద కంప్యూటర్ సెంటర్ ఉన్న లాడ్జి?” అన్నది ఆమె. నాకు కాళ్ళు నేల మీద ఆగలే. వాళ్ళను నేనే పైకి తోలుకపోయిన.

“సార్, వచ్చిండ్రు. ఇంటర్నెట్ చూసి.”

ఓనరు వాళ్ళకు గది తాళం ఇచ్చిండు, కాగితం తీసుకొని అద్దాలు పెట్టుకొని చదివిండు. మొదటి గీతల నా దుకాణం పేరు. కాగితం మడిచి నా చేతిల పెట్టిండు.

“ఇది నీ పేజీ అమ్మాయ్. నా పేజీ చూసి రావాలన్నాను. నవమి అయ్యాక ఖాళీ చెయ్.”

అరే, మనిషి పుట్టుక పుట్టినోడు అనే మాటనేనా అది! ముంగట ఉన్న తాళాల బోర్డు పీకి ఆయన నెత్తి మీద కొట్టాలనిపించింది. కొట్టలే. కిందికి వచ్చి పరదా వెనక కూసుని ఏడ్చిన. తర్వాతి వారం ట్రాలీ ఆటోల కంప్యూటర్లు ఎక్కించుకొని, చర్చి వెనక రేకుల గదిలకు మారిన. పాస్టరుగారి భార్య ఇప్పించింది. ఎండాకాలం అండ్ల కూసుంటే కంప్యూటర్ కంటె నేను ముందు ఆగిపోయేటట్టు ఉండేది.

మారినంక నేను పగ తీర్చుకోలే. పేజీ మీద అడ్రసు మార్చిన, అంతే. లాడ్జి పేరు తుడిచి, చర్చి వెనక అని రాసిన. అబద్ధం ఎందుకు, ఆ లాడ్జి పేరు తుడిచేటప్పుడు పానం సల్లబడ్డది.

రెండు నెలలైనంక ఓనరే వచ్చిండు. తలుపు తక్కువ ఎత్తు, వంగి లోపలికి వచ్చిండు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు!

“అమ్మాయ్, నీ పేజీ చూసి వారానికి నలుగురైదుగురు వచ్చేవాళ్ళంట. ముసలాయన ఇప్పుడు చెప్తున్నాడు. ఇప్పుడెవరూ రావట్లేదు. మా పేరు మళ్ళీ పెట్టు. నీ గది నీకిస్తా, అల్లుడికి ఇంకోచోట చూపిస్తా.”

ఆ గది. గోదారి గాలి వచ్చే కిటికీ, సిమెంటు కప్పు. నోట్లె ఊరింది, నిజం చెప్తున్న.

“నా పేజీ ఎందుకు సార్? మీ ఆరు పేజీల మొదటి గీత మార్చమనుండ్రి. రెండు నిమిషాల పని, ఊరికె చేస్త.”

“అదొక్కటి అడక్కు,” అన్నడు.

“అయితే నా మొదటి గీతల మీకు జాగ లేదు, సార్.”

ఆయన లేచిండు. తలుపు కాడ వంగి, మళ్ళ నా దిక్కు చూసిండు. ముఖంల కోపం లేదు, అదే నాకు ఎక్కువ మండింది.

“ఆ గీతలో నీ దేవుడికే చోటు లేకుండా పోయింది. నాకెక్కడుంటుందిలే అమ్మా.”

నేను లేచి బయటికి ఉరికిన. దేవుడు లోపల ఉన్నడు, పేజీ కిందికి జరిపితే కనపడతడు అని బజారంత వినపడేటట్టు అరిచిన. ఆయన అప్పటికే స్కూటర్ స్టార్ట్ చేసిండు. వినపడ్డదో లేదో తెల్వదు.