డబ్బా ఆర్టీమియా, ఉప్పుమడి ఆర్టీమియా

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరులోని నీటి పరీక్షల ల్యాబుకి సీనియర్ అనలిస్టుగా బదిలీ అయ్యాను. చెరువుల రైతులు తెచ్చే నీళ్లు పరీక్షించి రిపోర్టు ఇవ్వడం మా పని. నా కింద జూనియర్ అనలిస్టుగా శ్రీలక్ష్మి ఉండేది.

నేను చేరిన రెండో వారంలో పెదపాడు నుంచి గంగాధరంగారనే రొయ్యల రైతు పొలాల మురుగునీరు పోయే డ్రెయిను నీళ్లు క్యానులో పట్టుకొచ్చారు. అవే నీళ్లు పెట్టుకున్న పక్క రైతు చెరువులో రొయ్యలు చచ్చిపోయాయట. ఈయన రెండు చెరువుల్లోనూ నీళ్లు తగ్గి, ఎండకి వేడెక్కి, రొయ్యలు పైకి తేలుతున్నాయి. బోరు నీళ్లు ఒక్క చెరువుకే చాలతాయి.

"పెట్టకపోతే పోతాయండి. పెడితే ఏమవుతుందో మీరే చెప్పాలి, మేడంగారూ," అన్నారు.

నీళ్లలో ఏ విషముందో తేల్చే రసాయన పరీక్ష పెద్ద ల్యాబులో జరగాలి. దానికి రోజులు పడతాయి. అందుకని మేము ఆర్టీమియా పరీక్ష చేసేవాళ్లం. ఆర్టీమియా ఉప్పునీళ్లలో బతికే నలుసంత జీవి. హేచరీల్లో రొయ్యపిల్లలకి మేతగా వేస్తారు. దాని గుడ్లు విదేశాల నుంచి డబ్బాల్లో వస్తాయి. పరీక్షించే నీళ్లకి తగినంత ఉప్పు కలిపి, మూడు గిన్నెల్లో పదేసి పిల్లల్ని వదిలి, ఇరవైనాలుగు గంటల తరవాత చచ్చినవాటిని లెక్కపెడతాం. వట్టి ఉప్పునీళ్లతో ఇంకో గిన్నె పోలికకి ఉంచుతాం.

మర్నాడు ఉదయం పదింటికి చూస్తే ముప్ఫైలో ఒక్కటే చచ్చింది. గంగాధరంగారు అప్పటికే రెండుసార్లు ఫోను చేశారు. రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా, నేనే ఫోను చేసి, "నీళ్లు పెట్టుకోవచ్చండి," అని చెప్పేశాను.

పావుగంటకి శ్రీలక్ష్మి నా బల్ల దగ్గరికొచ్చింది. "మేడం, ఒక్కసారి నా గిన్నెలు కూడా చూడండి," అంది.

సముద్రం వైపు ఉప్పుమడుల నుంచి తెచ్చిన మన నాటు ఆర్టీమియాని ఆ అమ్మాయి సీసాల్లో పెంచుతోంది. హేచరీల నుంచి కొట్టుకొచ్చిన డబ్బా రకం మడుల్లో చేరి నాటు రకాన్ని తోసేస్తోందని, రెండింటికీ తేడా చూడాలని ఆమె కుతూహలం. ముందురోజే, నన్నడక్కుండా, అదే డ్రెయిను నీళ్లలో నాటువాటినీ వదిలింది. లెన్సు పెట్టి చూశాను. దాదాపు అన్నీ అడుగున పడున్నాయి. పోలికకి పెట్టిన గిన్నెలో మాత్రం చురుగ్గా ఈదుతున్నాయి. లోపం వాటిలో లేదు, నీళ్లలోనే ఉంది.

గంగాధరంగారికి ఫోను చేస్తే ఎత్తలేదు. నీళ్లు తోడే ఇంజను చప్పుడులో వినపడదు. జీపు తీయించి ఇద్దరం బయల్దేరాం. దారంతా ఫోను చేస్తూనే ఉన్నాను, మోగుతూనే ఉంది.

మేము వెళ్లేసరికి మొదటి చెరువులోకి పైపు నుంచి నీళ్లు దూకుతున్నాయి. "ఇంజను ఆపండి!" అని గట్టుమీద నుంచే అరిచాను.

ఆయన ఆపి వచ్చారు. "పెట్టుకోమన్నది మీరే కదండీ?" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది.

"నేనేనండి. తొందరపడ్డాను. రెండో చెరువుకి ఈ నీళ్లు వద్దు, బోరు నీళ్లు పెట్టండి," అన్నాను.

సాయంత్రందాకా గట్టు మీదే ఉన్నాం. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ తిప్పించాం. మొదటి చెరువులో రొయ్యలు అంచులకి చేరి, చీకటి పడకముందే చావడం మొదలైంది. మిగిలినవాటిని ఎదగకుండానే పట్టేయాల్సొచ్చింది. రెండో చెరువు నిలబడింది. పెద్ద ల్యాబు రిపోర్టులో డ్రెయిను నీళ్లలో పురుగుమందు తేలింది.

ఫోను సంగతి కాగితం మీద పెట్టొద్దని మా పైఆఫీసరు సలహా ఇచ్చారు. అయినా రాశాను. మెమో వచ్చింది, జవాబు ఇచ్చుకున్నాను. గంగాధరంగారు తరవాత కూడా నీళ్లు తెచ్చేవారు, కాని క్యాను శ్రీలక్ష్మి చేతికే ఇచ్చేవారు.

ఆ వేసవి నుంచి మా ల్యాబులో రెండు రకాలతోనూ పరీక్ష చేసేవాళ్లం. ఏ రకంతో చేశామో రిపోర్టు మొదటి వరుసలోనే రాసేవాళ్లం. డబ్బా రకంలాంటి గట్టి ప్రాణి బతికిందంటే ఆ నీళ్లని అది తట్టుకుందని మాత్రమే అర్థం. నీళ్లు మంచివని చెప్పడానికి అది చాలదు. ఈ తేడా నాకు ముందే తెలుసు. తెలిసీ ఫోను చేసి పెట్టుకోమన్నాను.