పిల్లి కోసం కుక్కిన చిందీలు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరుసలో నిలబెడితే, సూరత్‌లో మేముండే ఉన్ బస్తీ నుంచి తాపీ నది దాకా వస్తాయి. ఆ వరుసకు ముందు నిలబడేది మాత్రం, ఒక పిల్లిని వ్యానులో తెలంగాణలోని మెట్‌పల్లి చేర్చడానికి నేను చేసిన ఘనమైన ఏర్పాటు. వినేముందు ఒక్క మనవి. ఇందులో ఒక చావు కూడా ఉంది. నన్ను చూసి నవ్వు వస్తే ఆపుకోకండి, నేనూ నవ్వుకుంటాను. ఆ చావు దగ్గర మాత్రం నేను నవ్వలేను.

రాజన్న నాకు తోడబుట్టినవాడు కాదు. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. ఆ సాంచె ముందు నన్ను నిలబెట్టి, దాని చప్పుడు మారితే లోపల ఏం చెడిందో చెవితోనే కనిపెట్టడం నేర్పినవాడు ఆయన. చెవితో అన్నాను, గుర్తు పెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది. ఆయన సాంచె కింద ఒక చారల పిల్లి పుట్టి పెరిగింది. దారం చుట్టిన కండెలా ఉంటుందని దానికి కండె అని పేరు పెట్టాడు. కార్ఖానా ఆడుతుంటే మనిషి మాట మనిషికి వినబడదు. ఆ మోతలో కండె పొట్ట పైకి పెట్టి నిద్రపోయేది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు రాజన్న పోయాడు. కడసారి ముఖం దూరం నుంచే చూశాం. పనివాళ్ళు ఊళ్ళ దారి పట్టారు, కార్ఖానాకు తాళం పడింది. రాజన్న భార్య లక్ష్మి వదిన కండెను తన గదికి తెచ్చుకుంది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆనాటి నుంచి వదిన ఏడవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. కండె తిండి ముట్టకుండా గోడలు గీరుతూ కూర్చుంది.

అప్పుడు నా తెలివి రంగంలోకి దిగింది. చుట్టుపక్కల గదుల వాళ్ళందరినీ పిలిచి గట్టిగా చెప్పాను.

"వదినె ముంగట రాజన్న పేరు ఎవ్వలు ఎత్తద్దు. గట్టిగ మాట్లాడద్దు. జర సప్పుడు లేకుంటె మనసు నిమ్మలమైతది."

అందరూ తలలూపారు. వదిన నీళ్ళకు వస్తే నల్లా దగ్గర మాటలు టక్కున ఆగిపోయేవి. అంత క్రమశిక్షణ తెచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

వదిన తమ్ముడు మెట్‌పల్లి నుంచి ఫోన్ చేసి అక్కను తీసుకురమ్మన్నాడు. వదిన ఒకే ఒక్క మాట అంది. "కండె రాకుంటె నేను రాను."

ఎముకల గూడులా మిగిలిన ఆ పిల్లి దారిలో పోతే వదిన తట్టుకోదు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే దాన్ని ప్రాణాలతో చేర్చే బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. ఫోనులో వీడియో పెట్టి చూస్తే ఒకాయన, ప్రయాణంలో పిల్లికి చీకటి కావాలి, నిశ్శబ్దం కావాలి అని చెబుతున్నాడు. ఆయన పిల్లి ఏ బంగళాలో పుట్టిందో నేను అడగలేదు.

అమ్రోలి పేట నుంచి మావాళ్ళ కుర్రాడు వినోద్ తన పాత వ్యాను తెచ్చాడు. వాడు పుట్టింది సూరత్‌లోనే, మాట్లాడేది మూడు భాషల కలగూర. వ్యాను వెనక తలుపు వదులై ఒకటే మోత. నేను కార్ఖానా నుంచి గుడ్డపీలికలు, మా భాషలో చిందీలు, మూట కట్టుకొచ్చి తలుపు సందుల్లో, సీట్ల కింద, పనిముట్ల డబ్బాలో ఎక్కడ పడితే అక్కడ కుక్కాను.

"ఏంది కాకా గిది? గాడీ నిండ చిందీలేనా?"

"పిల్లికి శాంతి గావాలె. పాటలు బంద్. హారన్ బంద్."

"ట్రక్కు ఎదురొస్తె?"

"చెయ్యి ఊపు."

"పాట లేకుంటె నాకు నీంద్ వస్తది కాకా!"

"మనసుల పాడుకో."

బుట్టలో కండె, బుట్ట మీద దుప్పటి, పక్కన వదిన. వ్యాను గుడిలా నిశ్శబ్దంగా కదిలింది. సోన్‌గఢ్ రాకముందే కండె ఏడుపు ఎత్తుకుంది. నేను అద్దాలు బిగించాను. ఏడుపు పెరిగింది. ఇంకో దుప్పటి కప్పాను. ఇంకా పెరిగింది. టోల్ దగ్గర మనిషి డబ్బులడిగితే, "ధీరే బోలో భాయ్" అని, మెల్లగా మాట్లాడమని చేతులు జోడించాను. వినోద్ సిగ్గుతో అవతలికి చూశాడు. కండె గొంతు బొంగురుపోయి, నోట నురగ వచ్చింది. వదిన బుట్ట మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

ధూలే దగ్గర పోలీసులు ఆపారు. ఒకాయన అద్దం మీద లాఠీతో కొట్టాడు. నేను పెదాల మీద వేలు పెట్టి "ష్" అన్నాను. సరిగ్గా అప్పుడే దుప్పట్ల కింద కండె ముసలమ్మలా మూలిగింది.

"అందర్ కౌన్ రో రహా హై?" లోపల ఏడుస్తున్నదెవరని గద్దించాడు.

నేను గుసగుసగా, "బీమార్ హై సాబ్. సోనే దో" అన్నాను, జబ్బుగా ఉంది, పడుకోనివ్వండని.

ఆ రోజుల్లో పోలీసు చెవిలో 'బీమార్' అని గుసగుసలాడే మొనగాడు ఇంకెవరైనా ఉన్నారా? ఆయన ఎగిరి వెనక్కి దూకాడు. మమ్మల్ని దింపి, తలుపులన్నీ తెరిపించి, ఏదో దాస్తున్నామని చిందీలన్నీ లాఠీతో లాగి రోడ్డు మీద పోశారు. చివరికి దుప్పట్లు తీసి చూస్తే పిల్లి. పెద్దాయన మాస్కు కిందనే నవ్వి పొమ్మన్నాడు. చిందీలు ఏరుకుంటానంటే వినోద్ ఆగలేదు.

వెనక తలుపు మళ్ళీ ఖట్‌ఖట్ మొదలుపెట్టింది. కాసేపటికి కండె గొంతు ఆగిపోయింది. దుప్పటి ఎత్తి చూశాను. పొట్ట పైకి పెట్టి, కాళ్ళు చాపి పడి ఉంది.

"ఆపు వినోద్! పోయింది! కండె పోయింది!"

వ్యాను ఆగింది. ఖట్‌ఖట్ ఆగింది. చచ్చిన కండె లేచి కూర్చుని అరిచింది.

నాకు అప్పుడు కూడా బుద్ధి రాలేదు. బండి కదలగానే మెడలోని తువ్వాల తీసి ఆ తలుపు సందులో కుక్కబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు శంకరూ. గది సాంచె సప్పుడు లెక్కనే ఉన్నది. దానికి గదే జోలపాట. ఇన్నేండ్లు సాంచె నడ్పినోనివి, ఎర్క లేదా?"

నేను తువ్వాల వెనక్కి లాక్కున్నాను.

"నాకు గూడ గంతే చేస్తివి. అందరి నోర్లల్ల చిందీలు గుక్కినవు. ఒక్కలన్న ఆయన పేరెత్తుతరేమో అని రోజు నల్లా కాడికి వచ్చిన. ఆయన పుట్టనే లేదన్నట్టు చేస్తిరి."

వదిన గొంతు పగిలింది. "ఊకో వదినె" అనబోయి, ఆ తువ్వాల నా నోట్లోనే కుక్కుకున్నాను. జీవితంలో దాన్ని సరైన చోట కుక్కింది ఆ ఒక్కసారే.

తలుపు మోతకు మించి, కార్ఖానాలో అరిచినట్టు అరుస్తూ వదిన చెప్పుకుపోయింది.

"సాంచెల మోతల ఎవలికి వినవడదని రాగం రాకున్న పాడేటోడు. గదే పాట ఇంట్ల గూడ పాడేటోడు శంకరూ! ఇంట్ల వినవడ్తదని ఎవలు చెప్పాలె?"

ఏడుస్తూనే నవ్వింది. నేనూ ఏడ్చాను. వినోద్ రోడ్డు చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. కండె గురక పెట్టింది.

మెట్‌పల్లిలో వదిన తమ్ముడు వాకిట్లో నిలబడి, వేలు పెదాల మీద పెట్టి ఇంటివాళ్ళను హెచ్చరిస్తున్నాడు. "సప్పుడు జెయ్యకుండ్రి, అక్క దుఃఖంల ఉన్నది." ఆ వేలు నేను గుర్తుపట్టాను, అది నాదే. వ్యాను దిగి, సాంచెల మధ్య పెరిగిన గొంతు మొత్తం వాడాను.

"రాజన్న పెండ్లాం వచ్చింది! రాజన్న పిల్లి వచ్చింది! మాట్లాడుండ్రి!"

కండె ఇప్పుడు వదిన కుట్టుమిషన్ కింద పడుకుంటుంది. ఇక నా ప్రమాణం వినండి. ఏ పిల్లి పక్కనా, ఏ దుఃఖం పక్కనా ఈ జన్మలో చిందీ చేతబట్టను. వదిన ఫోన్ చేస్తే రాజన్న గురించి ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకుంటాం. ఇక్కడ సూరత్‌లో నా పక్కగది వాళ్ళు "జర మెల్లగ మాట్లాడు" అని గోడ కొడతారు. నేను ఇంకా గట్టిగా మాట్లాడతాను.