నిండిన ముందు వరుస

ఈ సాయంత్రం సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో మా బ్యాండ్ మొదటి ప్రోగ్రాం ఇచ్చింది. నలుగురం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, సెలవు రోజుల్లో వాయించుకునేవాళ్ళం. చైనీయుల ఏడో నెల పండగకి వేసిన స్టేజీ మీద మాకు రెండు పాటలకి చోటు దొరికింది.

జనం బాగానే వచ్చారు గానీ ముందు వరుస మొత్తం ఖాళీ. మా మోత గురించి ముందే తెలిసిపోయిందేమో అనుకుని, వెనక నిలబడ్డ ఒక చైనీస్ అంకుల్‌ని వచ్చి కూర్చోమన్నాను.

“కెనాట్ లా, ఆల్రెడీ గాట్ పీపుల్” అన్నాడాయన మామూలుగా. చనిపోయినవాళ్ళు ఈ నెలలో తిరిగి వస్తారట, ఆ కుర్చీలు వాళ్ళవట.

నవ్వుతూ వెళ్ళి మావాళ్ళకి చెప్పాను. డ్రమ్స్ వాయించే శ్రీకర్ ఒక్కడే నవ్వలేదు. వాళ్ళ నాన్న పోయి ఏడాది కూడా కాలేదు. కొడుకు వాయించగా ఆయన ఒక్కసారీ వినలేదు. రెండు పాటలూ వాడు ఆ కుర్చీల వైపే చూస్తూ వాయించాడు. అంత శ్రద్ధగా వాయించడం నేనెప్పుడూ చూడలేదు.

తిరిగి వస్తుంటే ట్రైన్‌లో మెల్లగా అడిగాడు: “మనవాళ్ళకి కూడా ఈ నెలలో రావొచ్చని తెలుస్తుందంటావా మావా?”

మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వాడు ఇంకా మేలుకునే ఉంటాడు.